ఇంటర్వెల్ బెల్ కొట్టే వేళకి బాగుండాలి: పిల్లల స్నాక్స్ డబ్బాకి సమగ్ర మార్గదర్శి

స్నాక్స్ డబ్బా పొద్దున ఏడుంపావుకి సర్దుతాం. పిల్లలు దాన్ని తెరిచేది పదిన్నర దాటాక. ఆ మూడు గంటల పైచిలుకు సేపూ తిండి మూత బిగించిన డబ్బాలో, డబ్బా పుస్తకాల సంచిలో, సంచి ఆటో వెనకాలో బస్సు సీటు కిందో నలుగుతూ ఉంటుంది. పొయ్యి మీద నుంచి దించినప్పుడు ఎంత కమ్మగా ఉందన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. మూడు గంటల తర్వాత, చల్లారి, కుదుపులు తిని, పది నిమిషాల విరామంలో చేత్తో తినడానికి వీలుగా ఉందా లేదా అన్నదే లెక్క. అందుకే ఈ వ్యాసంలో ప్రతి వంటకాన్నీ డబ్బా తెరిచే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టి చెప్పాం.

ముందు బడి వేళలు కనుక్కోండి

చిన్న విరామం ఎన్నింటికి, ఎన్ని నిమిషాలు, సాయంత్రం మళ్ళీ విరామం ఉందా అన్న మూడు సంగతులు తెలియకుండా ఏం చేసినా గుడ్డిలెక్కే. మన దగ్గర చాలా ప్రైవేటు బడుల్లో పొద్దున విరామం పది, పదిహేను నిమిషాలు. అందులో బాత్రూమ్‌కి వెళ్ళి రావాలి, చేతులు కడుక్కోవాలి, మంచినీళ్ళు తాగాలి. తినడానికి నికరంగా మిగిలేది ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాల్లో ఆరేళ్ళ పిల్ల ఎనిమిది, పది ముద్దల కంటే తినలేదు. డబ్బా నిండుగా కుక్కితే సగం వెనక్కొస్తుంది, మనమేమో తినలేదని కోప్పడతాం.

స్టడీ అవర్లుండి సాయంత్రం ఐదు దాటాక ఇల్లు చేరే పిల్లలకి రెండు డబ్బాలు కావాలి. పొద్దున డబ్బాలో మెత్తటివి, కాస్త తేమ ఉన్నవి పెట్టొచ్చు. సాయంత్రం డబ్బాలో మాత్రం పొడివే ఉండాలి: ఉండలు, పట్టీలు, అటుకుల చుడువా, తొక్క తీయని పండు. ఉడికించినవి, తాలింపు వేసినవి మధ్యాహ్నం మూడు దాకా ఉంచకండి. మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పొద్దున డబ్బాకి కూడా ఇదే నియమం పెట్టుకోండి. ఆ ఎండల్లో సంచి లోపలి వేడికి గుగ్గిళ్ళు సైతం రెండు గంటలకే జిగురు కట్టడం మొదలుపెడతాయి.

ఎంత పెట్టాలి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి రోజుకి సుమారు 1700 కిలో కేలరీల శక్తి, 23 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి సుమారు 1360 కిలో కేలరీలు, 16 గ్రాములు. చిరుతిండి రోజు మొత్తంలో పదో వంతు ఉంటే చాలు. అంటే చిన్నవాళ్ళకి 130 నుంచి 150, పెద్దవాళ్ళకి 170 నుంచి 200 కిలో కేలరీలు. రోజూ తూకం వేయక్కర్లేదు. పిల్లాడి గుప్పెడు ఒకటి గింజలదో పప్పులదో, మరో గుప్పెడు పండు. కొలత మీ గుప్పెడు కాదు, వాడి గుప్పెడు. ఇంతకంటే ఎక్కువ పెడితే పన్నెండున్నరకి అన్నం క్యారేజీ కదలదు.

డబ్బాలో తడి

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పొయ్యి మీద నుంచి దించిన పొంగనాలు నాలుగు డబ్బాలో వేసి వెంటనే మూత పెట్టండి. పది నిమిషాల తర్వాత మూత తిప్పి చూస్తే లోపలి వైపంతా నీటి బొట్లు పట్టి ఉంటాయి. మూత కాస్త వంచగానే ఆ బొట్లు కలిసి ధారలా జారి పొంగనాల మీద పడతాయి. కరకరలాడే అంచు మెత్తబడి తోలులా సాగుతుంది, అడుగున ఉన్నది నానిపోతుంది. వెచ్చదనం, తేమ రెండూ దొరికితే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కాబట్టి పాడయ్యే గడియా ముందుకు జరుగుతుంది.

అందుకని వేడివి ఏవైనా వెడల్పాటి పళ్ళెంలోనో జాలీ మీదో విడివిడిగా పరచి, ఫ్యాన్ కింద పది నుంచి పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. చేతి వెనక భాగం ఆనిస్తే వెచ్చదనం తగలకూడదు. అప్పుడు డబ్బాలో పెట్టండి. కడిగిన డబ్బాని కూడా పొడిబట్టతో తుడవాలి, ముఖ్యంగా మూత అంచుల్లో. ఆదివారం చేసిన చుడువా మంగళవారానికి మెత్తబడిందంటే తప్పు చుడువాది కాదు, అంచులో మిగిలిన నాలుగు చుక్కల నీళ్ళది.

డబ్బా విషయంలో స్టీలుదే మా మాట. రెండు అరలున్నది తీసుకుంటే పండు తడి గింజలకి అంటదు. కొనే ముందు మూత పిల్లాడి చేత తీయించి చూడండి. నాలుగు వైపులా క్లిప్పులుండే డబ్బాలు పెద్దవాళ్ళ బొటనవేలికి సులువే గానీ ఐదేళ్ళ చేతికి లొంగవు.

గుగ్గిళ్ళు

డబ్బాకి ఇంతకంటే మంచి తిండి లేదు. ముప్ఫై గ్రాముల ఎండు శనగల్లో ఐదారు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే ఏడేళ్ళ పిల్లకి రోజుకి కావాల్సినదాంట్లో దాదాపు పావు వంతు. ఖర్చూ తక్కువే. చెడగొట్టుకునేది ఎక్కువగా నీళ్ళ దగ్గర, కొబ్బరి దగ్గర.

ముగ్గురికి సరిపడా చేసే పద్ధతి ఇది:

1. వంద గ్రాముల నల్ల శనగలు కడిగి, మూడు రెట్ల నీళ్ళలో ఎనిమిది నుంచి పది గంటలు నాననివ్వండి. రాత్రి తొమ్మిదికి పోస్తే సరి. ఎండాకాలంలో రాత్రంతా బయట ఉంచితే పులిసిన వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టండి.
2. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి, గింజలు మునిగి పైన ఒక వేలి కణుపు ఎత్తు వచ్చేలా కొత్త నీళ్ళు పోయండి. అర చెంచా ఉప్పు వేయండి. ఉప్పు ఇప్పుడే వేస్తే లోపలికి పడుతుంది. తాలింపులో వేస్తే పైపైనే ఉంటుంది.
3. కుక్కర్‌లో మీడియం సెగ మీద నాలుగు విజిల్స్. ఆవిరి దానంతట అదే పోనివ్వండి. గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలగాలి గానీ పొట్టు ఊడి రాకూడదు.
4. నీళ్ళు వడకట్టి చారుకి పక్కన పెట్టుకోండి. గింజల్ని పొడి నూలుబట్ట మీద పది నిమిషాలు పరచండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తడిగా తాలింపులో వేస్తే పదకొండింటికల్లా అడుగున నీరు ఊరి, జిగురు కడతాయి.
5. చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, చిటికెడు ఇంగువ, కరివేపాకు వేగాక గింజలు వేసి, మూత పెట్టకుండా రెండు నిమిషాలు తిప్పండి. కారం బదులు పావు చెంచా మిరియాల పొడి చల్లితే చిన్నవాళ్ళకి ఘాటు తగలదు.
6. పరచి చల్లార్చి డబ్బాలో పెట్టండి.

గుడిలో ప్రసాదంగా ఇచ్చే గుగ్గిళ్ళలో పచ్చికొబ్బరి కోరు ఉంటుంది కాబట్టి ఇంట్లోనూ వేసేస్తాం. అది అప్పటికప్పుడు తినే తిండి. మూసిన డబ్బాలో అన్నిటికంటే ముందు పాడయ్యేది పచ్చికొబ్బరే. రుచి కావాలంటే ఎండుకొబ్బరి తురుము ఒక చెంచా వేయండి. పచ్చి ఉల్లిపాయ ముక్కలూ వద్దు, వాసన సంచి అంతా పట్టుకుంటుంది.

బొబ్బర్లకి (అలసందలకి) నాలుగు గంటల నానబెట్టడం, రెండు విజిల్స్ చాలు. పెసలైతే ఒక్క విజిల్‌తో దించేయాలి, లేకపోతే పప్పయిపోతాయి. శనగలు నానబెట్టడం మర్చిపోయిన రోజు బొబ్బర్లని వేడినీళ్ళలో గంటన్నర ఉంచి నాలుగు విజిల్స్ రానిస్తే పని జరుగుతుంది. శనగలకి మాత్రం ఆ దగ్గరిదారి లేదు, లోపల గట్టిగా ఉండిపోయి కడుపునొప్పి తెస్తాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గింజధాన్యాల్లో ఇనుము ఉంటుంది గానీ శరీరం దాన్ని అంత సులువుగా పట్టుకోదు. పక్కన సి విటమిన్ ఉంటే ఒంటికి పట్టడం బాగా పెరుగుతుంది. అందుకని గుగ్గిళ్ళ పక్క అరలో రెండు జామ ముక్కలు పెట్టండి. జామ దొరకని రోజుల్లో చల్లారిన గుగ్గిళ్ళ మీద అర చెక్క నిమ్మరసం పిండండి. వేడి మీద పిండితే సి విటమిన్ కొంత పోతుంది, చేదూ వస్తుంది. పొద్దున్నే పిల్లలకి టీ తాగించే అలవాటుంటే మాన్పించండి, అది ఇనుముని ఒంటికి పట్టనివ్వదు.

ఉండలు, పట్టీలు

ఇవి ఆదివారం చేసి పెట్టుకుంటే రెండు వారాలు నిశ్చింత. ముందుగా ఒక మాట. బెల్లం కూడా చక్కెరే. బెల్లం కదా అని నాలుగు ఉండలు పెడితే మేలు జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం కలిపిన చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతు లోపు ఉండాలి, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 1700 కిలో కేలరీల పిల్లకి ఐదు శాతమంటే 21 గ్రాములు. కింది కొలతతో చేసిన సున్నుండ ఒక్కోదాంట్లో ఆరేడు గ్రాముల బెల్లం ఉంటుంది. ఒకటి చాలు, ఆటల పీరియడ్ ఉన్న రోజు రెండు.

సున్నుండలకి పొట్టుతో ఉన్న మినుములు 200 గ్రాములు, బెల్లం తురుము 150 గ్రాములు, నెయ్యి 90 నుంచి 100 గ్రాములు, బియ్యం రెండు చెంచాలు. ఇరవై గ్రాముల ఉండలు ఇరవై రెండు దాకా వస్తాయి. అడుగు మందంగా ఉన్న మూకుడులో మినుములు, బియ్యం కలిపి సన్న సెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేయించాలి. గరిటె ఆపకూడదు. కమ్మటి వాసన రావడం మొదలయ్యాక కూడా మూడు నిమిషాలు కొనసాగించండి. ఒక గింజ తీసి చల్లార్చి కొరికితే టప్‌మని విరగాలి, లోపల లేత గోధుమ రంగు కనిపించాలి. లోపల తెల్లగా ఉంటే పచ్చిదే. పెద్ద మంట మీద వేయిస్తే జరిగేది ఇదే, పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అలాంటి ఉండ అంగిలికి అంటుకుంటుంది, పిల్లలు రెండోసారి ముట్టుకోరు.

పూర్తిగా చల్లారాక మిక్సీలో సన్నటి రవ్వలా ఆడండి. మరీ మెత్తగా పడితే పిడచ కడుతుంది. బెల్లం వేసి రెండు మూడుసార్లు తిప్పి తీయండి, గడ్డలు ఉండవు. నెయ్యి బాగా వేడి చేసి మొత్తం ఒకేసారి పోయకుండా, మూడొంతులు పోసి కలిపి, ఒక ఉండ కట్టి చూడండి. నిలిస్తే చాలు. పగుళ్ళు వస్తే మిగతాది పోయండి. పొడి గోరువెచ్చగా ఉన్నప్పుడే కట్టేయాలి. గాలి చొరని సీసాలో ఇరవై రోజులు ఉంటాయి, తడి చెయ్యి పెట్టకపోతే. ఇదే పద్ధతిలో సగం మినుములు తగ్గించి, నెయ్యిలో ఎనిమిది నిమిషాలు వేయించిన రాగి పిండి 100 గ్రాములు కలపొచ్చు. రాగుల్లో వంద గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, మన ధాన్యాల్లో దీనికి సాటి లేదు.

నువ్వుల చిమ్మిలి ఇంకా తేలిక. 200 గ్రాముల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, చల్లార్చి, 130 గ్రాముల బెల్లంతో కలిపి మిక్సీలో ఐదారు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి. ఒకే విడతలో ఆడిస్తే నూనె బయటికొచ్చి ముద్దైపోతుంది. నెయ్యి అక్కర్లేదు, నువ్వుల నూనే పట్టి ఉంచుతుంది. కొట్లో తెల్లగా మెరిసే నువ్వులు పొట్టు తీసినవి. క్యాల్షియంలో చాలా భాగం ఆ పొట్టుతోనే పోతుంది. మట్టి రంగులో ఉన్నవో నల్లవో తీసుకోండి.

పల్లీ పట్టి అనగానే పాకం భయం. 250 గ్రాముల పల్లీలు వేయించి, పొట్టు నలిపి చెరిగి, కచ్చాపచ్చాగా దంచి పెట్టుకోండి. దంచితే చిన్నవాళ్ళకి నమలడం సులువు, పట్టీ పల్చగానూ వస్తుంది. 200 గ్రాముల బెల్లాన్ని రెండు పెద్ద చెంచాల నీళ్ళతో కరిగించి, మట్టి లేకుండా వడగట్టి, మీడియం సెగ మీద మరిగించండి. నాలుగో నిమిషం నుంచి పక్కన చల్లటి నీళ్ళ గిన్నె పెట్టుకుని చూస్తూ ఉండాలి. చుక్క నీళ్ళలో వేస్తే మొదట పరుచుకుంటుంది. తర్వాత వేళ్ళతో చుడితే మెత్తటి ఉండ అవుతుంది. ఇక్కడ దించితే పట్టీ పళ్ళకి అతుక్కుని సాగుతుంది. ఇంకో నిమిషం, నిమిషంన్నరకి ఆ చుక్క గట్టిపడి, వంచితే వంగకుండా పుటుక్కుమని విరుగుతుంది. అదే అదను. అర నిమిషం దాటితే చేదు తగులుతుంది కాబట్టి చుక్క చూసేటప్పుడు ప్రతిసారీ మూకుడు పొయ్యి మీద నుంచి పక్కకి తీయండి. చిటికెడు వంట సోడా, చెంచా నెయ్యి, పల్లీలు వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్ళెం వెనక పోసి, నెయ్యి రాసిన అప్పడాల కర్రతో ఒత్తండి. రెండు నిమిషాల లోపు చాకుతో గీతలు పెట్టేయాలి. చల్లారాక గీస్తే ఎటు పడితే అటు విరుగుతుంది. రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఒకటి చాలు.

టిఫిన్ పిండితో

దోసెల పిండి ఉన్న ఇంట్లో గుంత పొంగనాలకి ఇరవై నిమిషాలు చాలు. పిండి దోసెకి కావాల్సిన దానికంటే చిక్కగా ఉండాలి. గరిటెతో ఎత్తి వదిలితే ముద్దగా జారాలి. పల్చగా ఉంటే రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి పది నిమిషాలు ఆగండి. ఒకటిన్నర కప్పు పిండికి ఒక చిన్న క్యారెట్ తురుము, గుప్పెడు సన్నగా తరిగిన పాలకూరో మెంతికూరో, అర చెంచా జీలకర్ర. ఆకుకూర తరిగాక తడి లేకుండా పిండేయండి. గుంతలో అర చెంచా నూనె వేసి, ముప్పావు వంతు వరకే పిండి పోసి, మూత పెట్టి సన్న సెగ మీద మూడు నిమిషాలు, తిప్పి రెండు నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. చట్నీ పంపకండి. రెండు చెంచాల కందిపొడిని చెంచా నెయ్యితో తడిపి, చల్లారిన పొంగనాల్ని అందులో దొర్లిస్తే రుచి వాటికే అంటుకుని ఉంటుంది. చిన్న ఇడ్లీలకీ ఇదే ఉపాయం.

పెసరట్టు డబ్బాలోకి పంపాలంటే ఒక మార్పు కావాలి. కరకరలాడటానికి పెసల్లో గుప్పెడు బియ్యం వేస్తాం కదా, డబ్బా రోజు వేయకండి. బియ్యం పడిన అట్టు చల్లారితే అట్టముక్కలా బిగుస్తుంది. ఉత్త పెసలతో, కొంచెం మందంగా వేసి, చుట్టి, రెండంగుళాల ముక్కలు కోస్తే పదకొండింటికి కూడా మెత్తగా ఉంటుంది.

చిలగడదుంప (తెలంగాణలో కందగడ్డ, సీమలో గెనుసుగడ్డ) దొరికే చలికాలంలో ఇంతకంటే తేలికైన డబ్బా లేదు. అంగుళం మందం చక్రాలు కోసి, నీళ్ళు తగలకుండా ఆవిరి మీద పన్నెండు నిమిషాలు. నీళ్ళలో వేసి ఉడికిస్తే చప్పబడి చిదుగుతుంది. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళకి అదే రోజుల్లో తేగలు దొరుకుతాయి. పీచు తీసి, చిన్న ముక్కలు చేసి పెట్టండి.

కరకరలాడేవి

చిప్స్ ప్యాకెట్ అడిగే పిల్లలకి నిజానికి కావాల్సింది ఆ శబ్దం. చుడువాకి పల్చటి అటుకులు 150 గ్రాములు ఉత్త మూకుడులో సన్న సెగ మీద మూడు, నాలుగు నిమిషాలు వేయించండి. వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి, వంగితే ఇంకా వేగాలి. పక్కకి తీసి, మూడు చెంచాల నూనెలో పల్లీలు, పుట్నాలు చెరో 40 గ్రాములు, కరివేపాకు, పసుపు, ఉప్పు వేయించి కలపండి. కరివేపాకు పూర్తిగా గలగలలాడాలి. సగం వేగిన ఆకులోని తడి డబ్బా మొత్తాన్ని మెత్తబరుస్తుంది. జొన్న పేలాలు, మరమరాలు కూడా ఇలాగే. వానాకాలంలో వీటిని పంపే రోజు పొద్దున మూకుడులో ఒక్క నిమిషం వెచ్చబెట్టి, చల్లార్చి పెట్టండి.

పండ్లు, కీరా

అరటిపండు తొక్కతోనే పంపాలి. చక్కెరకేళి, కర్పూర వంటి చిన్న రకాలు డబ్బాలో పడతాయి, నలగవు. యాపిల్ ముక్కలు నల్లబడితే పిల్లలు పాడైందనుకుంటారు. గ్లాసు నీళ్ళలో పావు చెంచా ఉప్పు కలిపి ముక్కల్ని ఐదు నిమిషాలు ఉంచి, మామూలు నీళ్ళతో తొలిచి, బట్టతో అద్దితే మధ్యాహ్నం దాకా తెల్లగానే ఉంటాయి. జామకాయ దోరగా ఉండాలి, మగ్గినది సంచిలో చిదిగిపోతుంది. దానిమ్మ గింజలు బాగుంటాయి, చొక్కా మీద మరక సంగతి ఆలోచించి చెంచా కూడా పెట్టండి. పుచ్చకాయ, సీతాఫలం ఇంట్లో తినే పండ్లు, డబ్బావి కావు. బత్తాయి పైతొక్కకి ముందే నాలుగు గాట్లు పెట్టి ఇస్తే పిల్లలే వలుచుకుంటారు.

కీరా, క్యారెట్ ముక్కల మీద ఉప్పు చల్లి పంపితే గంటలో నీళ్ళలో తేలతాయి. ఉప్పు, మిరియాలు చిన్న స్టీలు డబ్బీలో విడిగా ఇవ్వండి. దినపత్రిక కాగితంలో పొట్లం కట్టకండి, ఆ సిరా తిండికి అంటుతుంది.

డబ్బాలో పెట్టకూడనివి

ఉడికిన గుడ్డు, పెరుగు, పనీరు మంచి ఆహారాలే. కానీ ఐసు ప్యాకు పెట్టే సంచి లేకుండా మూడు గంటలు బయట ఉండదగినవి కావు. గుడ్డు పొద్దున టిఫిన్‌తోనో బడి నుంచి రాగానేనో ఇంట్లో పెట్టండి.

కొనే బిస్కెట్ల విషయంలో ప్యాకెట్ వెనక రాసిన పదార్థాల వరస చదవండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం. మైదా, చక్కెర, పామాయిల్ మొదటి మూడు స్థానాల్లో ఉంటే ముందువైపు రాగి బొమ్మ ఉన్నా, పాల గ్లాసు ఉన్నా అది మైదా బిస్కెట్టే. బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తిండి అమ్మకూడదని 2020లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం తెచ్చింది. మీ బడి గేటు ముందు అమ్ముతుంటే తల్లిదండ్రుల సమావేశంలో ఈ నియమం పేరు చెప్పి అడగండి.

గొంతుకి అడ్డం పడకుండా, అలర్జీ రాకుండా

ఐదేళ్ళ లోపు వాళ్ళకి విడి పల్లీలు, మొత్తం ద్రాక్షపళ్ళు, గట్టి క్యారెట్ చక్రాలు వద్దు. ఆడుకుంటూ తింటారు, గొంతులో ఇరుక్కుంటాయి. ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేయండి, అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క అలాగే మిగులుతుంది. పల్లీలు దంచి ఉండల్లో వేయండి. రేగుపళ్ళు గింజ ఉమ్మడం వచ్చిన పిల్లలకే.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉండే తెలుగు ఇళ్ళలో పల్లీ పట్టి పంపే ముందు బడి నియమం చూడాలి. చాలా తరగతుల్లో పల్లీలు, బాదం, జీడిపప్పు రానివ్వరు. వాటి బదులు నువ్వులు పంపుదామనుకుంటే, అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్నీ ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చారు. అక్కడ పనికొచ్చేది పుట్నాల ఉండ: పుట్నాలు 200 గ్రాములు, బెల్లం 130, నెయ్యి 70, సున్నుండల పద్ధతే, వేయించే పని కూడా లేదు. మిక్సీ జార్‌లో అంతకుముందు పల్లీలు ఆడి ఉంటే సబ్బుతో బాగా కడిగాకే వాడండి. పుట్నాల ప్యాకెట్ మీద పల్లీలున్న చోట తయారైందని రాసి ఉంటే అదీ పంపొద్దు.

ఆదివారం గంటన్నర, వారం వరస

ముందు మినుములు వేయించి పరచండి. అవి చల్లారే లోపు నువ్వులు, పల్లీలు, అటుకులు అదే మూకుడులో వరసగా వేగిపోతాయి. పసుపు పడే చుడువా చివర చేయండి, మూకుడు మధ్యలో కడగక్కర్లేదు. తర్వాత మిక్సీ పని మొత్తం ఒకేసారి, ఆపైన ఉండలు. రాత్రి శనగలు నానబెట్టి పడుకోండి.

సోమవారం గుగ్గిళ్ళు, జామ. మంగళవారం సున్నుండ, అరటిపండు, ఆ రోజు మీకు పొయ్యి పనే ఉండదు. బుధవారం పొంగనాలు. గురువారం చుడువా, యాపిల్. శుక్రవారం చిలగడదుంప చక్రాలు, చిన్న పల్లీ పట్టి. శనివారం బొబ్బర్లు. పొద్దున పని పడే రోజుని ఊరికే పెట్టే రోజుతో మార్చి మార్చి వేయడం వల్లే ఇది నెలల తరబడి సాగుతుంది. ఆరు రోజులూ వేడివేడిగా కొత్తది చేయాలనుకుంటే మూడో వారానికి బిస్కెట్ ప్యాకెట్ దగ్గరికి చేరతాం.

వెనక్కొచ్చిన డబ్బా

తిట్టే ముందు తెరిచి చూడండి. సగం తిని ఉంటే సమయం చాలలేదు, తగ్గించి పెట్టండి. పండు మాత్రమే తిని గింజలు వదిలేస్తే గట్టిగానో కారంగానో ఉన్నాయి. మూత గీతలు పడి లోపల తిండి కదలకుండా ఉంటే పిల్ల తెరవలేకపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఐదుసార్లు తీయించి, పెట్టించండి. ఇవేవీ కాకుండా ఒక్కటే తిండి రెండుసార్లు అలాగే వస్తే మెల్లగా అడగండి. పక్కపిల్లలు వాసన వస్తోందన్నారని చెప్పుకోలేక మానేసే పిల్లలుంటారు. ఇంగువ, వెల్లుల్లి తగ్గించి మళ్ళీ ఒకసారి పంపి చూడండి, అప్పటికీ వెనక్కొస్తే ఆ తిండిని నెల దాకా ఇంట్లోనే పెట్టండి.

డబ్బా కడిగేటప్పుడు మూతలోని రబ్బరు రింగుని వారానికి రెండుసార్లు చెంచా కాడతో ఊడదీయండి. దాని కింద గాడిలో నల్లటి బూజు పడుతుంది, పైనుంచి ఎంత తోమినా పోదు. వేడినీళ్ళలో కాస్త వంట సోడా వేసి పావుగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, రింగు, మూత విడివిడిగా రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున రింగు ఎక్కించేటప్పుడు చదునైన వైపు లోపలికి వెళ్ళిందో లేదో చూసుకోండి, తిరగబడితే మూత పడినట్టే ఉండి సంచిలో ఊడుతుంది.